బడికి ఆదివారం రాకముందు

రాజీవ్ రహదారి పక్కనున్న కుకునూరుపల్లి 2022లో మండల కేంద్రమైంది. అంతకుముందు కొండపాక మండలంలో ఉండేది. 2016 దాకా మెదక్ జిల్లా, ఆ తర్వాత సిద్దిపేట జిల్లా. మండలం మారినా జిల్లా మారినా ఒకటో తరగతి పిల్లల లెక్క మాత్రం మారలేదు: సోమవారం బడి మొదలు, ఆదివారం సెలవు. అనాదిగా ఇంతేననిపిస్తుంది గానీ, ఈ ప్రాంతపు బడులు ఆదివారం సెలవుకు అలవాటు పడింది 1948 తర్వాతే.

పాత వీధి బడి ఏడు రోజులకోసారి మూతపడేది కాదు. దాని సెలవులను చంద్రుడు నిర్ణయించేవాడు. అమావాస్య, పున్నమి, వాటి మర్నాటి పాడ్యమి. పాడ్యమినాడు చదివింది ఒంటబట్టదన్న నమ్మకం ఎంత పాతదంటే, సుందరకాండలో హనుమంతుడు చిక్కి శల్యమైన సీతను పాడ్యమినాడు చదివేవాడి విద్యతో పోలుస్తాడు. సాయంత్రం పిల్లలంతా వరుసగా నిలబడి ఎక్కాలతోపాటు అరవై సంవత్సరాల పేర్లు, తిథులు, వారాలు, నక్షత్రాలు గొంతెత్తి వల్లించేవారు. అంటే వారాల పేర్లు నోటికొచ్చేవి. సెలవు కోసం మాత్రం పంచాంగం చూడాల్సిందే.

ఆ బడిలో రోజు ఎలా గడిచేదో తెలుసుకోవడానికి బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికను మించింది దొరకడం కష్టం. గవర్నర్ మన్రో అడిగిన లెక్కలకు జవాబుగా రాసింది. ఆదోని, అనంతపురం వైపు ఊళ్లు కూడా కలిసిన ఆ జిల్లాలో 533 బడులు ఉంటే, వాటిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. చదివేవాళ్లు మొత్తం 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది. ఆ చివరి అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. వీధి బడిని తలుచుకుని మురిసిపోయే వ్యాసాలు ఆ అంకెను తరచూ దాటేస్తాయి.

పిల్లవాడికి ఐదేళ్లు రాగానే మంచిరోజు చూసి బడిలో వేసేవారు. ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, చేయి తిరిగాక తాటాకు, గంటం. పొద్దున ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ వెనక వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేవి. నిద్ర లేవడానికి గడియారం అక్కర్లేని ఏర్పాటు!

పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండ్ దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. అప్పటికే మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్, ఇసుకలో రాసే పిల్లలను చూసి అదే పద్ధతిని తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చేశాడు. అయితే క్యాంప్‌బెల్ మెప్పు వెంటే ఫిర్యాదు కూడా ఉంది. పిల్లలు వందల పద్యాలు అప్పజెబుతారు గానీ, వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసునన్నాడు.

కుకునూరుపల్లి ఉన్న నిజాం రాజ్యంలో కథ ఇంకో దారి పట్టింది. సర్కారు బడికి, కచేరీకి సెలవు శుక్రవారం. జుమ్మా నమాజు రోజు. రిజిస్టరులో సర్కారు లెక్కైన ఫసలీ సంవత్సరం, బోధనలో ఉర్దూ పెత్తనం. తెలుగు పలకలు ఎక్కువగా కనిపించింది ఖాన్గీ (ప్రైవేటు) బడుల్లో, ఊళ్లో వాళ్ల మాటలో కానిగి బడుల్లో. పంతులుకు జీతం ఊరే ఇచ్చేది. 1920ల్లో అలాంటి బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి తప్పదన్న నిబంధన వచ్చి చాలా బడుల తలుపులు మూయించింది. 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ప్రాథమిక చదువు మాతృభాషలో ఉండాలని, ఖాన్గీ బడుల మీద ఆంక్షలు పోవాలని మహాసభలు పట్టుబట్టాయి. ఆ తరం బాల్యానికి సినారే మంచి ఉదాహరణ. 1931లో హనుమాజీపేటలో పుట్టి, ఊళ్లో వీధి బడి చూసి, పై చదువు డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలో చదివాడు. తెలుగు కవిగా జ్ఞానపీఠం అందుకున్నాడు.

1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది. ఫసలీ లెక్క, జుమ్మా సెలవు కూడా దాని వెనకే వెళ్లాయి. తెలుగు మాధ్యమం, ఆదివారం వచ్చాయి.

వారం లోపల జరిగే చదువు మారడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1980ల్లో బ్రిటిష్ సాయంతో మొదలై 1996 దాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పిల్లలను జట్లుగా కూర్చోబెట్టమంది. చేతులతో పని చేయించమంది, వాళ్ల బొమ్మలూ రాతలూ తరగతి గదిలోనే ప్రదర్శించమంది. బెత్తం చేతికి అలవాటైన పంతుళ్లకు అది చిన్న మార్పేమీ కాదు. 2022 ఆగస్టు 15న తెలంగాణ మొదలుపెట్టిన తొలిమెట్టు కార్యక్రమం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదవడం, రాయడం, లెక్కలు చేయడం పట్టుబడేలా చూడటానికి వచ్చింది. ఇప్పుడు టీచరు వారం వారం ప్రణాళిక వేసుకోవాలి. ఏ పిల్ల ఎక్కడ ఆగిందో చూసి అక్కడి నుంచి మళ్లీ చెప్పాలి. చదివింది అర్థమైందా అన్నది కూడా చూస్తారు. క్యాంప్‌బెల్ అడిగింది అదే.

ఆదివారం ఈ ప్రణాళికలో లేదు. దానికి ఇక్కడ వేరే యజమాని ఉన్నాడు. కుకునూరుపల్లికి దగ్గర్లోనే ఉన్న కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా మల్లన్న జాతర ముఖ్యంగా ఆదివారాల్లో సాగుతుంది. పట్నం వారం, లష్కర్ వారం అంటూ ఆదివారాలకు పేర్లే ఉన్నాయి. జుమ్మా సెలవు రోజుల్లో సర్కారు బడి పిల్లలు మల్లన్న దగ్గరికి పోవాలంటే బడి ఎగ్గొట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. సోమవారం హాజరు మాత్రం టీచర్ల తలనొప్పి.