ఆచ్చిల కొట్టాన్

బర్మాలో పొలాలు, సిలోనులో కొట్లు, సొంతూళ్లో ఈ వీధి నుంచి ఆ వీధి దాకా సాగే మేడ. అంతటి ఇంటి ఇల్లాలు తీరిక దొరికితే తాటాకు బుట్ట అల్లుకునేదంటే మనకు వింతగానే ఉంటుంది. తమిళనాట కారైక్కుడి చుట్టూ 70 పైచిలుకు ఊళ్లున్న చెట్టినాడులో, నగరత్తార్లనే చెట్టియార్ల ఇళ్లలో అది ఆనవాయితీ. ఇంటి ఇల్లాలిని అక్కడ ‘ఆచ్చి’ అంటారు. ఆమె అల్లిన బుట్ట ‘కొట్టాన్’.

మన పల్లెల్లో బుట్టంటే మేదరులో ఎరుకలవాళ్లో అల్లి సంతకు తెచ్చేది. కొట్టాన్ సంతకు రాలేదు. పెళ్లికో పేరంటానికో సారె పట్టుకెళ్లడానికి ఇంట్లోనే అల్లేవారు. కుంకుమ పట్టేంత చిన్నవీ ఉంటాయి, మిఠాయిలు మోసేంత పెద్దవీ ఉంటాయి.

ముదురాకు విరిగిపోతుంది కాబట్టి లేత మొవ్వాకే కావాలి. ఎండబెట్టి, ఈనె తీసి, సన్నటి పాయలుగా చీలుస్తారు. మరిగే రంగునీళ్లలో కొన్ని పాయలు ముంచి తీస్తారు. అల్లేముందు తడి చేసుకోవాలి, లేకపోతే మడత దగ్గర పుటుక్కుమంటుంది. అడుగు నలుపలకగా మొదలై, పైకొచ్చేసరికి మూతి గుండ్రమవుతుంది. నేర్పంతా ఆ మూలలు తిప్పడంలోనే. ఆపైన బట్ట తొడిగి, పూసలు కుట్టి, అంచుకు లేసు వేసేవారు. బుట్ట తాటాకుదే అయినా హోదా తక్కువ కాకూడదు కదా!

ఆచ్చిలు ఇలా బుట్టలు అల్లుకునే కాలంలోనే మన కాకినాడ రేవు నుంచి తాటిపీచు ఐరోపాకు ఓడలెక్కేది. మట్ట మొదట్లో ఉండే ఆ మొరటు పీచు అక్కడ బ్రష్షులకు, చీపుళ్లకు పనికొచ్చేది. తాటిచెట్టు అదే. పీచు మాత్రం సరుకైంది, మొవ్వాకు ఇంటిపనిగా మిగిలింది.

కొట్టాన్‌కు దెబ్బ బర్మా నుంచి తగిలింది. ఆర్థిక మాంద్యంలో వడ్ల ధర పడిపోయి అక్కడి రైతులు చెట్టియార్ల దగ్గర తీసుకున్న అప్పు తీర్చలేకపోయారు. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతికొచ్చిన భూమి 1930లో 6 శాతం ఉంటే, 1938కి 25 శాతమైంది. 1942లో జపాను సైన్యం వచ్చిపడింది. 1948లో స్వతంత్ర బర్మా భూముల జాతీయకరణకు చట్టం చేసింది. రాబడి పోయాక చెట్టినాడు మేడలకు తాళాలు పడ్డాయి, కుటుంబాలు పట్నాలకు తరలాయి. సారెకు స్టీలు పళ్లేలొచ్చాయి, చేతిసంచికి ప్లాస్టిక్ వైరు బుట్టలొచ్చాయి.

2000 ప్రాంతంలో విశాలాక్షి రామస్వామి స్థాపించిన ఎం.ఆర్.ఎం.ఆర్.ఎం. సాంస్కృతిక సంస్థ ఈ అల్లికను మళ్లీ పైకి తీసింది. వయసు మళ్లిన కొద్దిమంది ఆచ్చిలకే మిగిలిన పనితనాన్ని పల్లె ఆడవాళ్లకు నేర్పించింది. తర్వాత చెట్టినాడు కొట్టాన్‌కు భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఆచ్చి అల్లనిది కొట్టానేమిటని ఎవరైనా అనొచ్చు. నా మటుకు నాకు ఇదే మేలనిపిస్తుంది. అప్పట్లో మెప్పు తప్ప పైసా రాని పనికి ఇప్పుడు కూలి ముడుతోంది.

కారైక్కుడి వెళ్తే ఒక కొట్టాన్ కొనండి. ధర ఎక్కువనిపిస్తే తిరగేసి అడుగున మూలలు చూడండి. బేరం మాత్రం ఆడకండి.