మోటారుబండిలో పాట, బాట



నేటి కారులో నడపువాని ముందర నొక చిన్న తెర యుండును. అది పాట వినిపించును, బాటయు చూపును. ఈ రెండు విద్యలు నొక్కచోటికి చేరిన చరిత్రమును మీకు మనవి చేసెదను.

ముందు వచ్చినది పాట. 1930లో అమెరికాయందలి షికాగో నగరమున గాల్విన్ సోదరులు కారునం దమర్చదగిన రేడియోను చేసి, దానికి మోటరోలా యని పేరిడిరి. పాట వినువాడు బాట మఱచునని నాడే కొందఱు దానిని నిషేధింపజూచిరి.

బాట చాల వెనుక వచ్చినది. 1981లో జపానున హోండావారు చక్రముల పరుగును, కారు మలుపును లెక్కించి, పారదర్శకమగు పటముపై చోటును చూపు యంత్రము నమర్చిరి. 1985లో కాలిఫోర్నియాయందు ఈటాక్ సంస్థవారు వీథుల పటములను క్యాసెట్టు టేపులపై నెక్కించిరి. పాటను మోసిన టేపే బాటనుగూడ మోసినది! 1990లో మాజ్డావారి కారు ఆకాశమందలి జీపీఎస్ ఉపగ్రహముల సంకేతములచే తానున్న చోటు నెఱుగజొచ్చెను. అయితే అమెరికా ప్రభుత్వము పౌరుల కందు సంకేతమును బుద్ధిపూర్వకముగా కొంత చెఱచి యుంచెడిది. 2000 మే నెలలో ఆ యడ్డు తొలగెను. 100 మీటర్ల వఱకు నుండిన పొరపాటు సుమారు 20 మీటర్లకు తగ్గెను.

యంత్ర మెంత పెరిగినను 1930 నాటి సందేహము తీరలేదు. తెరను చూచు కన్ను అదే క్షణమున బాటను చూడజాలదు. కావున బండి కదలకమునుపే చేరవలసిన యూరును, వినవలసిన పాటను నిర్ణయింపవలెను. కదలిన పిమ్మట తెరతో చెవికే గాని కంటికి పని యుండరాదు. మీ యింటి పిల్లలు కారు తీయునపు డీ మాట చెప్పుడని నా ప్రార్థన.