కాలువలో పోసిన కార్బాలిక్

మన సరిహద్దు జిల్లాల్లో బొంబాయి ముఖం చూడని కుటుంబం తక్కువ. మట్టి మోసి, రాయి పరచి ఆ నగరాన్ని కట్టిన మనవాళ్లను కామాఠీలన్నారు. వాళ్ల పేరనే కామాఠీపురా వెలిసింది. ఈపూట చెప్పబోయేది ఆ నగరపు మురుగు సంగతి.

1896 సెప్టెంబరులో మాండ్వీలో ప్లేగు బయటపడింది. అధికారులు ఇళ్లకు సున్నం వేయించారు. మురుగు కాలువల్లోకి సముద్రపు నీళ్లతో కలిపి కార్బాలిక్ ఆమ్లం వదిలారు. కార్బాలిక్ అంటే ఫినాలే. 1834లో రుంగే అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు బొగ్గు తారులోంచి తీశాడు. పాతకాలపు లైఫ్‌బాయ్ సబ్బు వాసన గుర్తుందా? అదే ఇది. ఘాటు తగిలితే రోగం పోతుందనుకున్నారు. కానీ ప్లేగును మోసేది ఎలుకల ఒంటిమీది చిన్న పురుగని 1898లో కరాచీలో సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టాడు. అంత ఫినాలూ వృథాయే!

ఇప్పుడు ఫినాల్‌ను మనం కాలువలో పోయం. కోక్ బట్టీలు, జిగురు, మందుల కర్మాగారాల మురుగులో అదే వస్తుంది. నదుల్లోకి వదిలే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని మన నిబంధన. చిక్కేమిటంటే, మురుగును శుద్ధిచేసేవి బాక్టీరియాలు. ఫినాల్ పుట్టిందే వాటిని చంపడానికన్నట్టు ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువ వస్తే శుద్ధి తొట్టె మొత్తం చచ్చి ఊరుకుంటుంది.

ఇక్కడ అక్కరకొచ్చేది ఈస్ట్. కల్లును పులియబెట్టే ఈస్ట్ కాదు సుమా, దానికి ఫినాల్ గిట్టదు. ట్రైకోస్పోరాన్ క్యుటేనియం, కాండిడా ట్రాపికాలిస్ అనేవి దాని దూరపు చుట్టాలు. 1970 ప్రాంతంలో స్వీడన్‌లో న్యూజార్ అనే శాస్త్రవేత్త మొదటిదాన్ని పరిశీలించారు. అది ఫినాల్‌ను ముందు కాటెకాల్‌గా మారుస్తుంది, ఆపైన దాని వలయాన్ని తెంచి తిండిగా వాడుకుంటుంది. చివరికి బొగ్గుపులుసు వాయువు, నీరు, కొత్త ఈస్ట్ కణాలు మిగులుతాయి. గాలి మాత్రం బాగా అందాలి. ఆమ్లగుణం ఉన్న నీటిలో బాక్టీరియా కంటే ఇదే నిలదొక్కుకుంటుంది.

మరి ధారావి? అక్కడి తోళ్ల పని చాలావరకు బయటికి తరలింది. అయినా రంగులు, ప్లాస్టిక్ కడిగిన నీళ్లు, ఇళ్ల మురుగు ఒకే కాలువలో కలిసి మాహిం కయ్యలోకి పోతాయి. ఆ కలగాపులగంలో ఈస్ట్ పొట్లం విప్పి పోస్తే పని జరగదు. ఏ కార్ఖానా నీటిని ఆ కార్ఖానా గడపలోనే విడిగా పట్టాలి. పది అడుగుల గదిలో పనిచేసే మనవాడికి ఆ తొట్టెకు చోటెక్కడ, ఖర్చెవరిది అన్నదే అక్కడ తేలని లెక్క.