ధ్రువసముద్రమున తప్పిన లెక్క

దక్షిణ ధ్రువసముద్రమున తిమింగిలము లేమి తిని బ్రతుకునో మనకు వివరముగా తెలిసినది, వానిని చంపి కోసిన చోటనే. 1904లో నార్వే దేశీయుడు లార్సెన్ దక్షిణ జార్జియా దీవిలోని గ్రిట్‌వికెన్‌లో వేటస్థావరము నెలకొల్పెను. తిమింగిలపు నూనెపై విధించిన సుంకముతో బ్రిటిష్‌వారు 1925లో అచ్చట పరిశోధన ప్రారంభించిరి. శాస్త్రజ్ఞులు కళేబరముల పొట్టలు పరీక్షింపగా, కానవచ్చినది దాదాపు ఒక్కటే ఆహారము: రెండంగుళముల, రొయ్యవంటి క్రిల్. నీలి తిమింగిలము నోటినిండ నీటిని పట్టి, దంతములకు మారుగా వ్రేలాడు పలకలగుండ దానిని వెడలగొట్టి, చిక్కిన క్రిల్‌ను మ్రింగును.

ఇరువదవ శతాబ్దమున దక్షిణార్ధగోళములో మనము సుమారు 20 లక్షల తిమింగిలములను చంపితిమి. తినునవి పోయినచో క్రిల్ అపారముగా మిగులునని పలువురు తలచిరి. ఆ సమృద్ధి కానరాలేదు. ఏల? ఆ సముద్రమున ఇనుము కొరత. తిమింగిలముల మలములో ఇనుము మెండు. ఆ ఇనుముతో సూక్ష్మమైన నీటిమొక్కలు పెరుగును. వానిని తిని క్రిల్ పెరుగును. క్రిల్ వృద్ధి చెందకపోవుటకు ఇది యొక కారణమని నేటి శాస్త్రజ్ఞులు పలువురు భావించుచున్నారు.

1986లో వాణిజ్యవేట నిలుపుదల అమలులోనికి వచ్చినది. నీలి తిమింగిలములు మెల్లగా పెరుగుచున్నవి. తినునదియే పెట్టునదియు నని మనము ఆలస్యముగా నేర్చుకొంటిమి.