పంకా గంటలు

పొద్దున్నే రామన్నగూడెం పుష్కరఘాటు మెట్ల మీద నిలబడితే గోదావరి కనిపించదు, వినిపిస్తుంది. జనవరి మంచు. నీళ్ళు కింది మెట్టును తాకి మెల్లగా వెనక్కి జారుతున్న చప్పుడు. అవతలి ఒడ్డు లేదు. నాలుగు మెట్ల కింద మొహం కడుక్కుంటున్న ముసలాయన కూడా నీడలాగే ఉన్నాడు.

మా అల్లుడు, అంటే మా అక్క కొడుకు, చేతులు జేబుల్లో పెట్టుకుని మంచులోకి చూస్తున్నాడు. పడవ కట్టేసిన గుంజ దాకా చూపు ఆనుతోంది. దాని అవతల తెల్లగోడ.

"మూడు వందల మీటర్లు గూడ లేదు మామా. మాకైతే ఇయ్యాల దిగుడు లేదు."

వాడు అన్నిటినీ ఇట్లాగే కొలుస్తాడు. ఎండిన ఆకులు ఎటు దొర్లితే గాలి అటు అని చూసుకుంటాడు. మబ్బు కనబడితే దాని అడుగు ఎంత ఎత్తులో ఉందో చెబుతాడు. ముప్పై ఒక్కేళ్ళ వాడు. ఒక చిన్న విమాన సంస్థలో ఏటీఆర్ నడుపుతాడు, కుడివైపు సీటు, కో-పైలట్. సంక్రాంతికి రాలేకపోయాడు. పండుగ దాటిన వారానికి మూడు రోజులు సెలవు దొరికింది.

జేబులో ఫోన్ వణికింది. తీసి చూసి మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"ఏమైందిరా?"

"అదే మామా. షార్ట్‌లిస్టు కాలేదంట."

"ఈసారి ఎందుకంట?"

"ఎయిర్‌బస్ రేటింగ్ లేదు. జెట్టు గంటలు లేవు."

"మరి నువ్వు ఎగిరిన రెండు వేల మూడు వందల గంటలు?"

కాసేపు మాట్లాడలేదు. కింద ముసలాయన చెంబుతో నీళ్ళు ముంచుకుని సూర్యుడు ఉండాల్సిన వైపు తిరిగాడు.

"అవి పంకా గంటలు మామా," అన్నాడు.

*

ఆ రెండు వేల మూడు వందల గంటలంటే ఏమిటో నాకు తెలిసినంత చెబుతాను. ఏటీఆర్ డెబ్బై మంది దాకా ఎక్కే విమానం, రెండు రెక్కల మీదా రెండు పెద్ద పంకాలు. ఒక్కో ప్రయాణం గంట, గంటంబావు. రోజుకు నాలుగు, ఒక్కోసారి ఆరు. వాడు ఇప్పటికి దాదాపు రెండు వేల సార్లు నేల దిగాడు, అందులో సగం తన చేతులతో. పెద్ద జెట్టు ముప్పై అయిదు వేల అడుగులకు పోయి మబ్బుల నెత్తి మీద నడుస్తుంది. ఏటీఆర్ అంత ఎత్తుకు పోలేదు. దానికి దారి మబ్బుల మధ్యనే. ఆషాఢంలో, శ్రావణంలో, పక్కన మెరుపు కనిపిస్తుంటే చుట్టూ తిరిగి, రన్‌వే మీద నీళ్ళు నిలిచాయేమో అడిగి తెలుసుకుని, చిన్న ఊరి చిన్న ఎయిర్‌పోర్టులో దించాలి. దించిన అరగంటకు మళ్ళీ ఎక్కాలి.

పెద్ద సంస్థ దరఖాస్తులో ఇదంతా ఒక గడిలో పడుతుంది. పక్క గడిలో జెట్టు గంటలు ఎన్ని అని ఉంటుంది. వాడు అక్కడ సున్నా రాస్తాడు.

జెట్టు వేరు, నిజమే. వేగం ఒకటిన్నర రెట్లకు పైనే, ఆలోచన విమానం కంటే అంత ముందు పరుగెత్తాలి. నేర్చుకోవాలని వాడే అంటాడు. సిమ్యులేటర్‌లో కొన్ని వారాలు, ఆ తర్వాత పక్కన ట్రైనింగ్ కెప్టెన్‌ను కూచోబెట్టుకుని కొన్ని నెలలు. నా బాధ అది కాదు. రెండు వందల గంటలు ఎగిరి లైసెన్సు తీసుకున్న పిల్లవాడు కోటి రూపాయలు కట్టి క్యాడెట్ ప్రోగ్రాంలో చేరితే అదే ఎయిర్‌బస్‌లో కూచోబెడతారు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. కానీ వాన తెలిసినవాడిని బయట నిలబెట్టి, వాన తెలియనివాడికి తలుపు తీయడం ఏ లెక్క?

*

ఇంటికొచ్చేసరికి అక్క సకినాలు పళ్ళెంలో పోసి చాయ్ పెట్టింది. బావ అరుగు మీద పేపరు చదువుతున్నాడు. ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరైనవాడు. కొడుకు మొహం చూశాడు, ఏమీ అడగలేదు, పేజీ తిప్పాడు.

ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా లైసెన్సుకు పోయింది. ఏటీఆర్ రేటింగ్‌కు, అంటే ఆ రకం విమానం నడిపే అర్హతకు, అక్క నగలు పోయి పుస్తెలతాడు ఒక్కటి మిగిలింది. ఇప్పుడు ఎయిర్‌బస్ రేటింగ్ సొంతంగా చేసుకోవాలంటే ఇరవై లక్షల దాకా కావాలి. చేసుకున్నాక ఉద్యోగం ఇస్తామని ఎవరూ రాసివ్వరు. ఊరి బయట నాలుగెకరాలున్నాయి. ఇది ఏజెన్సీ. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, మా నోట వన్ ఆఫ్ సెవెంటీ. ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ఆ చట్టం ఉండాల్సిందే, లేకపోతే ఈ నేల ఎప్పుడో కోయవాళ్ళ కింద నుంచి జారిపోయేది. కానీ బ్యాంకు మేనేజర్‌కు ఆ పాసుబుక్కు చూపిస్తే మొహం ముడుచుకుంటాడు. వేలం వేస్తే కొనేదెవరని ఆయన లెక్క. హైదరాబాద్‌లో ఫ్లాటున్న తండ్రికి ఒక్క సంతకంతో వచ్చే అప్పు మా ఏటూరునాగారంలో రాదు.

పక్కింటాయన గోడ మీంచి పలకరించాడు. "మామునూరుల ఎయిర్‌పోర్టు వస్తదంట గదా. ఇగ ఇంటికాన్నుంచే డ్యూటీకి పోవచ్చు."

వాడు నవ్వి తలూపాడు. వరంగల్ పక్కన నిజాం కాలంలో 1930లో కట్టిన ఎయిర్‌పోర్టు అది. 1981 దాకా నడిచింది. తిరిగి తెరవడానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. వరంగల్ రన్‌వే మీద తన చేతులతో దించాలని వాడికి ఎంత ఉందో నాకు తెలుసు. కానీ చిన్న ఊళ్ళను కలిపే విమానాల బతుకు ఎంత పలచనో వాడు చూశాడు. హైదరాబాద్ నుంచి ట్రూజెట్ 2015 జూలైలో ఏటీఆర్‌లతో మొదలైంది. చిన్న ఊళ్ళ విమానాలకు కేంద్రం పెట్టిన ఉడాన్ పథకంలో తొలి సర్వీసులు ఎగిరిన రోజే, 2017 ఏప్రిల్ 27న, కడపకూ నాందేడ్‌కూ ఎగిరింది. 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. సంస్థ ఆగినప్పుడు పైలట్ దగ్గర మిగిలేది లాగ్‌బుక్. ఆ లాగ్‌బుక్‌లో ఉన్నవి పంకా గంటలు.

*

మధ్యాహ్నం బండి మీద మేడారం బయల్దేరాం. జనవరి 28 నుంచి సమ్మక్క సారలమ్మ జాతర. తాడ్వాయి దారి పొడుగునా ట్రాక్టర్లు, కోళ్ళ గంపలు, బస్సుల టాపుల మీద మూటలు. ముందున్న ఆటోలోంచి బెల్లం వాసన మొహానికి కొడుతోంది. అక్క మొక్కుకుంది, కొడుకు పెద్ద విమానం ఎక్కితే నిలువెత్తు బంగారమిస్తానని. ఇక్కడ బంగారమంటే బెల్లం. వాడు, ఎక్కినా ఎక్కకపోయినా తల్లుల బాకీ ఉంచుకోవద్దని ఇప్పుడే బయల్దేరదీశాడు.

తాడ్వాయి దాటాక ఒక చోట బండి ఆపమన్నాడు. అడవిలో అక్కడ ఆకాశం ఎక్కువ. 2024 ఆగస్టు 31 సాయంత్రం ఒక్క గాలి ఈ అడవిని పండబెట్టింది. యాభై వేలకు పైగా చెట్లు కూలాయని అటవీ అధికారులు చెప్పారు. మనిషి పట్టుకుంటే చేతులు కలవని మానులు వేళ్ళతో సహా లేచాయి. ఆ గాలి ఊళ్ళ మీద పడలేదు, తల్లుల దయ అనుకున్నాం అందరం.

వాడు దిగి ఒక మొద్దు మీద చెయ్యి పెట్టాడు.

"ఇట్లాంటి గాలిని మేం డౌన్‌బరస్ట్ అంటం మామా. పైనుంచి గాలి బిందె కుమ్మరించినట్టు పడి నేలకు తాకి నలుదిక్కులు పరుచుకుంటది. విమానం దాంట్లకు పోతె మొదలు ఎదురుగాలి. వేగం పెరిగినట్టు అనిపిస్తది, బాగుంది అనుకుంటవు. ఆ ఎన్కనే కిందికి తొక్కుతది. తొక్కినంక వెనకగాలి. ఉన్న వేగం మొత్తం గుంజుకుంటది."

1985 ఆగస్టు 2న అమెరికాలో డల్లాస్ దగ్గర డెల్టా వారి పెద్ద జెట్టు ఇట్లాంటి గాలిలోనే పడింది. 137 మంది పోయారు. ఆ తర్వాతే దీన్ని పసిగట్టే రాడార్లూ, తప్పించుకునే శిక్షణా పైలట్లందరికీ వచ్చాయి. ఏటీఆర్ వాడికైనా ఎయిర్‌బస్ వాడికైనా సిమ్యులేటర్‌లో ఇదే గాలి.

"మరి మీ దరఖాస్తుల గాలి కోసం గడి లేదా?" అన్నాను.

వాడు జవాబు చెప్పలేదు. మొద్దు పక్కన మోకాలెత్తు కొత్త చిగురు లేచింది. దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి బండెక్కాడు.

దారిలో ఇంకా చెప్పాడు, గాలికి సగం మాటలు పోయాయి. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకూ, ఇండిగో 500 విమానాలకూ ఆర్డరిస్తే ఇగ మన రోజులొచ్చాయని వాట్సాప్ గ్రూపుల్లో పండుగ చేసుకున్నారట. అదే ఏడు మే నెలలో గో ఫస్ట్ మూతపడింది. ఎయిర్‌బస్ రేటింగ్ చేతిలో ఉన్నవాళ్ళు వరుసలో ముందుకొచ్చారు, వీళ్ళు వెనక్కి జరిగారు. 2025 నవంబర్‌లో పైలట్ల విశ్రాంతికి కొత్త నియమాలు పూర్తిగా అమలుకు రాగానే, డిసెంబర్ మొదట్లో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది. పైలట్లు చాలడం లేదన్నారు. ఎయిర్‌పోర్టుల్లో జనం నేల మీద పడుకున్న ఫొటోలు నేనూ చూశాను. ఆ వారమే వాడు నాలుగో దరఖాస్తు పెట్టాడు.

పిలిచినా కూడా వెంటనే పోలేడు. 2017 నుంచి కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. పోయాక అక్కడి సీనియారిటీ లిస్టులో అట్టడుగు పేరు. ఇక్కడే ఉండి కెప్టెన్ అవుదామంటే, విమానాలే కొన్ని. ఎడమ సీటు ఖాళీ అయ్యేది ఎప్పుడో.

మేడారం చేరి జంపన్నవాగులో మునిగి లేచాం. నీళ్ళు ఎముకల్లోకి దిగాయి. తల్లుల గద్దెల బయట తక్కెడ మీద వాడు ఒక పక్క, బెల్లం ఒక పక్క. అరవై నాలుగు కిలోలు. బుట్ట నెత్తికెత్తుకున్నప్పుడు వాడి కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఏం కోరుకున్నావని నేను అడగలేదు.

*

రాత్రి తొమ్మిదిన్నర. కరెంటు పోయింది. వాకిట్లో మంచం వేసుకుని ఇద్దరం కూచున్నాం. లోపల కొవ్వొత్తి వెలుగులో అక్క వాడి తెల్లచొక్కా మడత పెడుతోంది. భుజాల పట్టీలు విడిగా తీసి రుమాలులో చుట్టింది. సకినాల డబ్బా అప్పటికే బ్యాగులో ఉంది. తెల్లవారుజామున హన్మకొండ బస్సు. ఎల్లుండి ఆరు ప్రయాణాలు.

తూర్పున, అడవి మీద, ఒక దీపం కదిలింది.

"కలకత్తా నుంచి," అన్నాడు. మ్యాపు మీద కోల్‌కతాకూ శంషాబాద్‌కూ గీత గీస్తే అది సరిగ్గా మన ఊరి మీంచి పోతుందట. చిన్నప్పుడు ఇదే మంచం మీద పడుకుని ఆ దీపాలే లెక్కపెట్టేవాడు, నాకు గుర్తుంది. ఎటు పోతున్నాయి మామా అని అడిగేవాడు. నాకు తెలిసేది కాదు.

"ఇప్పుడు లోపల ఏం జేస్తున్నరు?" ఈసారి నేను అడిగాను.

"వాతావరణం తీసుకున్నరు. ఏ రన్‌వే, గాలి ఎటు, దిగలేకపోతె ఎటు పోవాలె, అన్నీ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నరు. మన ఊరు దాటినంక రెండు మూడు నిమిషాలకు దిగుడు షురూ జేస్తరు." చేతిని గాల్లో ముందుకు చాపి, ముక్కు కాస్త కిందికి వంచాడు. "గిట్ల. చానా మెల్లగ. లోపల కూసున్నోళ్ళకు తెల్వదు."

దీపం నెత్తి మీదికొచ్చింది. చప్పుడు లేదు. చింతచెట్టు కొమ్మల్లో ఒకసారి ఆరి, అవతల మళ్ళీ వెలిగింది. వాడి పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. దీపం పడమర కొసకు చేరుకుంటుండగా అప్పుడు వచ్చింది చప్పుడు, ఎక్కడో దూరంగా రాళ్ళ మీద బండి నడిచినట్టు. వాడు చెయ్యి ఇంకా దించలేదు.