ఊరంతా ఫైరింజనే

దగ్గరికి జరుగు బిడ్డా. నెగడుకు వీపు వెట్టి కూసుంటె ముచ్చట సగమే ఇనవడ్తది. నిన్న మీ తమ్ముడు అడిగిండు, "తాతా, మీ కాలంల ఇల్లు అంటుకుంటె 101 కు ఫోన్ చేసెటోళ్లా?" అని. నవ్వాగలేదు నాకు. ఫోన్ జేయాల్నంటె సిద్దిపేట దాక పోవాలె, మా ఊరికి మూడు కోసులు. ఊర్ల సైకిళ్లు రెండే, అండ్ల ఒకటి తొక్కరానోని దగ్గరుండె. ఇంకొకడు పోయి చెప్పి వచ్చెటాళ్లకు ఇల్లు కాదు, ఇంటి బూడిద సుత గాలికి పొయ్యేది.

అప్పటి ఇండ్లు ఎట్లుండెననుకున్నవ్? గూనపెంకల ఇల్లున్నోడు మారాజు. మిగిలినోళ్లకు తాటికమ్మలు, గడ్డి కప్పు. పక్కన్నే గడ్డివాము, దాని పక్కన పిడకల గూడు. రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయంటరు, ఇగ తాటికమ్మలెంత? అందుకే ఎండకాలంల గాలి లేవకముందే వంట గావాలె. పొద్దెక్కినంక పొయ్యిల మంట కనవడ్తె మా నాయినమ్మ వీధి మీదికెల్లే తిట్టేది. ముసల్ది చాదస్తమనుకునేటోళ్లం. 2016ల బీహార్ సర్కారు గదే మాట చెప్పింది: ఎండకాలం పొద్దుగాల తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాక ఊర్లల్ల పొయ్యి ముట్టియ్యొద్దని. నాయినమ్మకు సర్కారు కొలువైతె ఇయ్యలేదు గని, ఆమె మాట సర్కారు దాక పోయింది.

నిప్పు కూడ ఊకె దొరికేది కాదు. అగ్గిపుల్ల గీకుడంటె దుబారా. పొద్దుగాల్ల పిడక పట్టుకోని పక్కింటికి పోవుడు, నిప్పు తెచ్చుకునుడు. నిప్పుతోని రెండు చాడీలు సుత ఎంబడి వచ్చేవి. దీపం వెట్టినంక కొందరు నిప్పియ్యకపొయ్యేది, లక్ష్మి పోతదని. అగ్గిపెట్టె అంటె యాదికొచ్చింది, 2007ల అర్ధరూపాయిది రూపాయైంది, మళ్ల పద్నాలుగేండ్లకు, 2021 డిసెంబర్ల, రెండు రూపాయలైంది. బంగారం ధర గట్లనే ఆగితె మీ అక్క పెండ్లి ఎప్పుడో అయితుండె. సరే, ఎక్కడున్నం? ఇల్లు అంటుకుంది గదా.

అంటుకుంటె ముందుగాల డప్పు మోగేది. పెండ్లి దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు, దండోరా దెబ్బ వేరు. నిప్పు దెబ్బకు సందే ఉండదు, ఊపిరి ఆడనట్టు కొట్టేది. నిద్రల ఉన్నా కాళ్లు ముందు లేచేవి, మనిషి తర్వాత లేచేటోడు. ఎవడు ఏం జేయాల్నో ఎవడూ చెప్పేది లేదు. తాడి చెట్టెక్కే గౌండ్లాయన మోకు భుజానేసుకోని కప్పు మీదికి పోయేది. వడ్లాయన గొడ్డలితోని వాసాలు నరికేది. అంటుకున్న ఇంటిని ఇడిసిపెట్టి దాని పక్కింటి గడ్డి పీకేటోళ్లు, నిప్పు దాటకుండ. గిది పక్కింటోనికి అర్థం చేయించుడు మాత్రం అగ్గి ఆర్పుడు కన్నా కష్టం. "మంచిగున్న ఇల్లు ఇప్పుతరా" అని కట్టె పట్టుకోని నిలవడేటోడు. కుర్మోళ్లు గొంగళ్లు తడిపి తెచ్చేది. ఉన్ని ఊకె అంటుకోదు, నీళ్లు తాగిన గొంగడి ముందల మంట ఉడుకు తగ్గవలసిందే. పటేలేమో అరుగు మీద నిలవడి అందరికి హుకుం చేసేటోడు, ఒక్క చెంబెడు నీళ్లు మోయకుండ.

చేదబాయి కాడికెల్లి ఇల్లు దాక ఆడోళ్లు వరుస కట్టేటోళ్లు. నిండు కడవలు ఇటు, ఉత్త కడవలు అటు. పగిలిన కడవల లెక్క కుమ్మరాయన అడిగింది లేదు, ఊరు ఇచ్చింది లేదు. అమెరికాల ఫిలడెల్ఫియా పట్నంల బెంజమిన్ ఫ్రాంక్లిన్ దోస్తులను కూడగట్టి 1736ల నిప్పులార్పే సంఘం పెట్టిండట, ఒక్కొక్కడు తోలు బకెట్లు తెచ్చుకోవాల్నని కట్టుబాటు. మనకు తోలు మోట ఎప్పటికెల్లి ఉన్నదో గని, సంఘమని పేరు పెట్టుకునుడు తెల్వకపాయె.

ఒక మాట చెప్త, ఎవ్వలకు చెప్పకు. ఆ బాయి మామూలు దినాలల్ల అందరిది కాదు. డప్పు కొట్టెటోళ్లు దూరం నిలవడితె ఎవలో ఒకలు దోసిట్ల పోసేది. నిప్పు వడ్డ రాత్రి మాత్రం చేంతాడు ఎవని చేతులున్నదో ఎవడూ చూడలె. తెల్లారి మళ్ల చూసిండ్రు. నేను పోరన్ని, మా నాయినను అడిగిన గిదేందని. "నిద్ర వోరా" అన్నడు.

ఒక రాత్రి మా ఎనుకింటి పెద్దవ్వ ఇల్లంటుకుంది. ఆమె సందుగకు ఏడువలె, "నా కోడి, గంప కిందున్నది" అని గుండెలు బాదుకుంది. ఒక పోరడు గొంగడి కప్పుకోని లోపటికి ఉరికిండు, కనుబొమ్మలు కాలంగ గంపను వొడిల పెట్టుకోని తెచ్చిండు. తీసి చూస్తె గుడ్లు మూడు. కోడి అందరికంటె ముందే చింతచెట్టెక్కి కూసున్నది. ఆ పోరన్ని ముసలోడయ్యెదాక "గుడ్లాయన" అనే పిలిచిండ్రు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటె చుట్టకు నిప్పడిగిండట అంటరు గదా, సామెత అనుకునేటోన్ని. పొగ అణగినంక మా ఊరి పెద్దమనిషొకడు తాపీగ వచ్చి, కాలిన వాసం కొసకు బీడీ ముట్టిచ్చుకోని, "పాపం, మంచి కట్టె" అన్నడు. పెద్దవ్వ ఏడుపు ఆపి ఆయన దిక్కు చూసింది, నవ్వింది. మూడు దినాలకు ఇంటికో మోపు గడ్డి వచ్చింది, ఆ బీడీ ఆయనే రెండు వాసాలిచ్చిండు. పదో దినానికి ఆమె కొత్త కప్పు కింద పండుకుంది, కోడితోని.

ఇప్పుడైతె సిద్దిపేటల ఎర్ర బండ్లున్నయి, గంట కొట్టుకుంట వస్తయి. ఏటా ఏప్రిల్ 14 నుంచి ఆ బండ్లోళ్లు వారోత్సవం చేస్తరు, 1944ల ఆ దినం బొంబాయి రేవుల ఫోర్ట్ స్టైకిన్ ఓడ పేలినప్పుడు పానాలిచ్చిన తోటోళ్ల యాదిల. ఆపదల ఫోన్ చేసే 112 కూడ నీకు యాదున్నది, మంచిదే. గని నిప్పు పుట్టకుండ చూసుడు అంతకన్నా మంచిది. అప్పట్ల ఊరి నిప్పులల్ల సగం పొయ్యి బూడిదకెల్లే పుట్టినయి, లోపల కణకణమంటుంటె చూడకుండ తీస్కపోయి పెంట మీద పోసేది.

కండ్లు మూసుకపోతున్నయి నీకు, తెలుస్తనే ఉన్నది. లే, ఆ బిందె అందుకో. ఈ నెగడు మీద గుమ్మరించు. ఒకటి కాదు, రెండు.