చాలినంత తుపాకీ

1907లో కుమావూ కొండల్లో చంపావత్ ఆడపులిని కూల్చాక వేటగాడు జిమ్ కార్బెట్ దాని నోరు పరీక్షించాడు. కుడివైపు పైకోర సగానికి విరిగి ఉంది, కింది కోర ఎముక దాకా పోయింది. ఎప్పుడో ఎవరో పేల్చిన గుండు దెబ్బ అది. ఆ కోరలు లేక అడవి జంతువుల్ని పట్టలేని పులి మనుషుల మీద పడిందని ఆయన తేల్చాడు. దాని వాత పడినట్టు లెక్కకెక్కిన వాళ్లు 436 మంది. పెద్ద జంతువుల వేటకు ఎంత కాలిబర్ (తుపాకీ గొట్టం లోపలి వ్యాసం) కావాలన్న ప్రశ్న తుపాకీ పిచ్చివాళ్ల కాలక్షేపం కాదనడానికి నాకు ఈ ఒక్క ఉదంతం చాలు. చంపలేని గుండు జంతువును బతకనివ్వదు కూడా.

పూర్వం కొలత కాలిబర్ కాదు, బోరు. ఒక పౌను సీసంతో ఆ గొట్టానికి సరిపడే గుండ్లు ఎన్ని పోత పోయవచ్చో అదే బోరు. నాలుగు బోరు అంటే ఒక్కో గుండు పావు పౌను, సుమారు 113 గ్రాములు. ఆనాటి పొగమందుతో వేగం ఒక హద్దు దాటేది కాదు. అందుకే బలం కావాలంటే బరువు పెంచడమే దారి. 1870ల్లో ఆఫ్రికా దక్షిణ ప్రాంతాల్లో ఏనుగుల వేటకు దిగిన ఫ్రెడరిక్ సెలూస్ అలాంటి నాలుగు బోరు తుపాకీనే వాడాడు. సంచిలోంచి మందును చేత్తో తీసి గొట్టంలో పోసేవాడు. పేల్చిన ప్రతిసారీ అది వెనక్కి తన్నే తన్నుకు తన ధైర్యం సడలిందనీ, ఆ ప్రభావం తన గురిమీద చివరిదాకా ఉండిపోయిందనీ ఆయనే రాసుకున్నాడు. పేల్చేవాడు జంకే తుపాకీ ఎంత పెద్దదైనా చాలినట్టు కాదు.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ పొగరాని మందు తయారుచేయడంతో లెక్క మారిపోయింది. 1898లో లండన్‌లో తుపాకీ తయారీదారు జాన్ రిగ్బీ .450 అంగుళాల నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా తెచ్చాడు. 31 గ్రాముల గుండు, సెకనుకు దాదాపు 655 మీటర్ల వేగం. పావు పౌను గుండుతో పని తీరిపోయింది. అంతలో 1907 ప్రాంతంలో ఆంగ్ల ప్రభుత్వం భారతదేశంలోనూ సూడాన్‌లోనూ .450 కాలిబర్‌ను నిషేధించింది. ఆ గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చిక్కితే పాత మార్టిని-హెన్రీ సైనిక తుపాకులకు పనికొస్తాయని భయం. దాంతో తుపాకీ తయారీదార్లు .465, .470, .475 అంటూ పక్క కొలతలకు మళ్లారు. ఆఫ్రికాలో నేటికీ ఏనుగుల వేటకు పేరున్న .470 అలా పుట్టింది. ఏనుగు ఒంటి మందం చూసి పెట్టిన కొలత కాదది, మన దేశంలో తెల్లదొరల భయం పెట్టించిన కొలత!

1912లో హాలండ్ అండ్ హాలండ్ సంస్థ తెచ్చిన .375 మాగ్నమ్ అంతకంటే చిన్నది. భుజం ఓర్చుకుంటుంది, దూరానికి తిన్నగా పోతుంది, అడవిదున్నను పడగొడుతుంది. చాలా ఆఫ్రికా దేశాల్లో ప్రమాదకర జంతువుల వేటకు కనీస కొలతగా నిలిచింది ఇదే. ఇంకా చిన్నదైన 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తో వేటగాడు డబ్ల్యూ. డి. ఎం. బెల్ వందల ఏనుగుల్ని చంపిన మాట నిజం. ఆయన ఏనుగు పుర్రెలు కోయించి, మెదడు ఎక్కడుంటుందో ఏ కోణంలోంచి అందుతుందో కళ్లారా చూసి నేర్చుకున్నాడు. ఆ చదువు లేకుండా ఆయన రైఫిల్‌ను మాత్రం ఆదర్శంగా చూపడం క్రూరత్వమే అంటాను.

కాలిబర్ ఒక్కటే చాలదనడానికి గుండు కథ చూడండి. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో 1890ల్లో తయారైన మెత్తని ముక్కు గుండు ఒంట్లోకి దిగాక విచ్చుకుని ఘోరమైన గాయం చేసేది. అలా విచ్చుకునే గుండ్లను 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో నిషేధించింది. వేటలో న్యాయం సరిగ్గా తిరగబడింది. ఇంగ్లండ్‌లో 1963 నాటి దుప్పుల చట్టం కనీసం .240 అంగుళాల కాలిబర్, 1,700 అడుగు-పౌన్ల శక్తి ఉండాలంటూనే, మెత్తని ముక్కు లేదా బోలు ముక్కు గుండే వాడాలని కూడా శాసించింది. సైనికుడికి వైద్యం అందే అవకాశముంది. దుప్పికి త్వరగా ప్రాణం పోవడమొక్కటే దక్కే దయ.

కానీ అతిగా మెత్తనైనా ముప్పే. 1946లో కెనడాలో వేటగాడు జాన్ నోస్లర్ మూస్ అనే భారీ దుప్పిని కాల్చాడు. చేతిలో ఉన్నది .375కు తమ్ముడి లాంటి .300 మాగ్నమ్, కాలిబర్‌కు వంక పెట్టడానికి లేదు. అయినా జంతువు ఒంటికి పట్టిన ఎండు బురదకు తగిలి గుండ్లు పైపైనే పగిలిపోయాయి. ఇంటికి వెళ్లి ఆయన గుండు మధ్యలో రాగి మిశ్రమంతో అడ్డగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. 1948 నుంచి అమ్ముడవుతున్న పార్టిషన్ గుండు అదే.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వేటకు అడ్డుకట్ట వేసింది, మంచిదే అయింది. వేట సాగే చోట చట్టాలు ఇప్పుడు కాలిబర్‌తో పాటు గుండు బలాన్నీ కొలుస్తున్నాయి. జర్మనీలో ఎర్రదుప్పికి, అడవిపందికి కనీసం 6.5 మిల్లీమీటర్లు, వంద మీటర్ల దూరాన 2,000 జౌళ్ల శక్తి ఉండాలి. నార్వే ఇంకో అడుగు ముందుకేసి మనిషిని కూడా కొలుస్తుంది. పెద్ద జంతువును వేటాడాలనుకునేవాడు ఏటా వంద మీటర్ల దూరాన ఐదు గుండ్లు పేల్చాలి, ఐదూ 30 సెంటీమీటర్ల వలయంలో పడాలి. పరీక్ష నెగ్గకపోతే, చేతిలో ఎంత పెద్ద రైఫిల్ ఉన్నా ఆ ఏడు పెద్ద జంతువుల వేటకు అనుమతి లేదు.